మయసభలో పియానో పాఠం

పియానో అనగానే మన తెలుగువాళ్ళకు మొదట జ్ఞాపకం వచ్చేది సంగీతం కాదు, సినిమా. విశాలమైన హాలు, వంపు తిరిగిన మేడమెట్లు, విందుకు వచ్చిన పెద్దమనుషులు, నడుమ నల్లగా నిగనిగలాడే పియానో, దాని ముందు సూటు తొడుక్కున్న కథానాయకుడు. పాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగులుతుంది. తగిలినవాళ్ళు మొహం పక్కకు తిప్పుకుంటారు. అంతా బాగానే ఉంటుంది కాని, ఆ మహానుభావుడి వేళ్ళు ఏ మెట్టు మీద పడుతున్నవో మనం ఎన్నడూ పట్టించుకోలేదు. మనకు మేడమెట్లు తెలుసు గాని పియానో మెట్లు తెలియవు.

తెలియకపోవటానికి కారణం లేకపోలేదు. పియానో మధ్యతరగతి ఇంటికి రాగల వస్తువు కాదు. దానికి మెట్లు 88. అందులో తెల్లవి 52, నల్లవి 36. లోపల 200కు పైగా ఉక్కు తీగలు బిగించి ఉంటాయి. మోయటానికి మనుషులు కావాలి, పెట్టటానికి గది కావాలి. పైగా మా కోనసీమ వంటి చోట గాలిలోనే తడి. ఇనుము తుప్పు పడుతుంది, కొయ్య ఉబ్బుతుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లయినా శ్రుతి చేయించాలి. శ్రుతి చేసే మనిషి కోసం ఏ చెన్నపట్నానికో హైదరాబాదుకో కబురు పెట్టాలి. ఆడపిల్ల పెళ్ళికి బాజా వాళ్ళను కుదుర్చుకోవటమే కష్టమవుతున్న రోజుల్లో ఈ బెడద ఎవరికి కావాలి?

అటువంటి పియానో ఇప్పుడు మా అప్పనపల్లికి వచ్చింది. బాలబాలాజీ దర్శనానికి వెళ్ళినవాళ్ళకు ఈ ఊరు తెలిసే ఉంటుంది. వైనతేయ గోదావరి ఒడ్డున, కొబ్బరితోటల నడుమ ఉన్న ఊరు. పియానో వచ్చిందంటే నలుగురు కలిసి మోసుకువచ్చారని అనుకునేరు. వచ్చినవి రెండు అట్టపెట్టెలు. ఒకదానిలో కళ్ళకు కట్టుకునే యంత్రం, ఇంకొకదానిలో కరెంటుతో మోగే కీబోర్డు. మా పక్కవీధిలోని పెంకుటింట్లో తొమ్మిదో తరగతి చదువుతున్న పధ్నాలుగేళ్ళ అమ్మాయికి, డల్లాస్‌లో ఉంటున్న మేనమామ పంపించిన కానుకలు అవి.

మేనమామ కానుక పంపితే తల్లి సంతోషించాలి. ఆవిడ మాత్రం మూడోనాడే మా ఇంటికి వచ్చింది. "మాస్టారండీ, మీరు పాఠాలు చెప్పేవారు కదా, ఒక్కమాట చెప్పండి. ఇది చదువా అండి, ఆటా అండి? చదువైతే కూర్చోనిస్తాను. ఆటైతే అటకెక్కిస్తాను. వచ్చే ఏడు పదో తరగతండి" అన్నది.

ఎంత చక్కటి ప్రశ్న! ఈ ప్రశ్న ఆవిడ ఒక్కతెదే కాదు. విదేశాల్లో ఉన్న అన్నలూ తమ్ముళ్ళూ పంపిన యంత్రాలు చాలా ఇళ్ళలో బల్లల మీద కూర్చుని ఉన్నాయి. తల్లులందరూ ఇదే అడుగుతున్నారు. అంచేత ఈ వారం ఆ విషయమే ముచ్చటించుకుందాం.

ముందు ఆ యంత్రం చేసే పని చెప్పాలి. దాన్ని వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ అంటారు. దీన్ని తెలుగులో ఏమనాలండీ అని మా విద్యార్థి ఒకడు అడిగితే, మయసభ అను, చాలు అన్నాను. మయుడు ధర్మరాజుకు కట్టి ఇచ్చిన సభలో దుర్యోధనుడు పడ్డ పాట్లు మనకు తెలియనివి కావు. నేల అనుకున్న చోట నీళ్ళు, నీళ్ళనుకున్న చోట నేల. ఈ యంత్రం కళ్ళకు కట్టుకున్నా అంతే, లేనివి ఉన్నట్టు కనబడతాయి. అయితే పియానో నేర్పే ఆటల్లో ఒక సదుపాయం ఉన్నది. యంత్రం ముందు భాగాన ఉన్న కెమెరాలు అసలు గదినీ, అసలు కీబోర్డునూ, అసలు చేతులనూ కూడా చూపిస్తూనే ఉంటాయి. వాటి మీద అదనంగా కొన్ని బొమ్మలు గీస్తాయి. మెటా కంపెనీ వారి క్వెస్ట్ యంత్రాల మీద నడిచే పియానోవిజన్ అనే ఆట ఈ తరహాలో బాగా ప్రచారంలోకి వచ్చింది.

ఆట మొదలుపెట్టగానే చెట్టు మీదినుంచి కాయలు దింపినట్టు, పైనుంచి రంగురంగుల పట్టీలు కీబోర్డు మీదికి దిగుతూ ఉంటాయి. పట్టీ ఏ మెట్టు మీద వాలితే ఆ మెట్టు నొక్కాలి. పట్టీ పొట్టిదైతే వెంటనే వదలాలి, పొడుగుదైతే అది అయిపోయేదాకా అదిమి ఉంచాలి. కుడిచేతికి ఒక రంగు, ఎడమచేతికి ఇంకో రంగు. కీబోర్డుకూ యంత్రానికీ తీగ కలిపి ఉంటుంది కాబట్టి, ఏ మెట్టు నొక్కారో ఎప్పుడు నొక్కారో దానికి తెలిసిపోతుంది. కీబోర్డు లేనివాళ్ళకు ఉత్త బల్లమీదనే మెట్ల బొమ్మ గీసి చూపిస్తుంది. బల్ల మీద వేళ్ళు కొట్టుకుంటే చాలు, చెవిలో పియానో మోగుతుంది. చూసేవాళ్ళకు మాత్రం, మొహానికి డబ్బా కట్టుకున్న పిల్ల బల్లమీద అప్పడాలు ఒత్తుతున్నట్టు కనబడుతుంది.

ఇందులో మంచి ఏమీ లేదా అంటే, ఉన్నది. చాలానే ఉన్నది.

మొట్టమొదటిది, భయం పోతుంది. సంగీతం నేర్చుకోబోయి మానేసినవాళ్ళను కదిపి చూడండి. నూటికి తొంభైమంది పాట రాక మానలేదు, మొదటి ఆరునెలలూ పాట అన్నది చేతికి రాదని విసిగి మానేశారు. ఈ ఆటలో మొదటి రోజునే ఏదో ఒక పాట ముక్క పలుకుతుంది. ఆ పలకటంలో ఉన్న సంబరం పిల్లవాణ్ణి రెండోరోజు కూడా అక్కడికి లాక్కువస్తుంది.

రెండవది, ఓర్పు. యంత్రానికి కోపం రాదు. వేగం సగానికి తగ్గించమంటే తగ్గిస్తుంది. ఎడమచెయ్యి పక్కన పెట్టి కుడిచెయ్యి ఒక్కటే నేర్పమంటే నేర్పుతుంది. సరైన మెట్టు నొక్కేదాకా పట్టీని గాలిలోనే ఆపి నిలబెడుతుంది. ఒకే ముక్క నలభైసార్లు అడిగినా విసుక్కోదు. మేము లెక్చరర్లం మూడోసారికే కళ్ళజోడు తీసి తుడుచుకోవటం మొదలుపెడతాం.

మూడవది, మాబోటి ఊళ్ళకు ముఖ్యమైనది. గురువు. పియానో నేర్పే గురువు కోసం పట్నాలకు పోవాలి. ఎ. ఆర్. రెహమాన్ 2008లో చెన్నైలో సంగీత కళాశాల పెట్టారు. పట్నాల్లో పిల్లలు లండన్ ట్రినిటీ కళాశాల వారి పరీక్షలకు కట్టి కూర్చుంటున్నారు. అప్పనపల్లి పిల్ల వారం వారం చెన్నై రైలెక్కలేదు కదా! ఏ గురువూ లేని చోట, మెట్టు మీద వేలు పెట్టించే ఏదో ఒకటి ఉండటం చిన్న సంగతి కాదు.

చెప్పిన ప్రకారమే మా పక్కవీధి అమ్మాయి మూడు వారాలు తిరిగేసరికి, బీథోవెన్ 1824లో వినిపించిన తొమ్మిదో సింఫనీలోని ఆనందగీతాన్ని రెండు చేతులతో వాయించేసింది. ఆట నూటికి తొంభై అయిదు మార్కులు వేసింది. తల్లి మొహం విప్పారింది. మార్కులనేసరికి ఏ తల్లికైనా అది చదువుగానే కనబడుతుంది!

అయితే ఆ ఇంట్లో ఇంకొక పరీక్షాధికారి ఉన్నాడు. ఆ పిల్ల తాతగారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. ఒకప్పుడు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. చుట్టుపక్కల ఊళ్ళలో తీర్థాలకు నాటకం కడితే, ఆయన పెట్టె బల్లమీద పెట్టి కూర్చున్నాకనే తెర లేచేది. ఇద్దరు కొడుకులున్నారు. ఇద్దరికీ ఆ పెట్టె అంటలేదు. ఒకరు కొబ్బరి వ్యాపారంలో పడ్డారు, ఒకరు ఊరు వదిలారు. పెట్టె అటకెక్కింది. తోలు తిత్తి ఎలుకలు కొరికాయి.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి మనవి చెయ్యాలి. పియానో మెట్లు మనకు బొత్తిగా పరాయివి కావు. హార్మోనియం మెట్లూ పియానో మెట్లూ ఒకే వరస. మన నాటకాల వాళ్ళు, ఫలానా ఆయన ఆరున్నర శ్రుతిలో పద్యం ఎత్తితే ఊరు దద్దరిల్లేది అంటూ ఉంటారు. ఆ ఆరున్నర ఏమిటి? తెల్లమెట్లను ఒకటి, రెండు, మూడు అని ఏడు దాకా లెక్కపెట్టుకుంటూ పోతే, ఆరుకూ ఏడుకూ నడుమ ఉన్న నల్లమెట్టే ఆరున్నర. తెల్లవి పూర్తి అంకెలు, నల్లవి సగాలు. ఇంతకంటే సులువైన లెక్క ఇంకేముంది? అంచేత మనవరాలి కీబోర్డు ముందు తాతగారు కొత్తవారు కారు. ఆయనకు కొత్తది ఆ డబ్బా ఒక్కటే. "గానుగెద్దుకు కట్టినట్టు ఆ గంతలేమిటే తల్లీ" అని మొదటిరోజే అడిగారట.

నేను వెళ్ళిన సాయంత్రం ఆ పిల్ల ఆనందగీతం వాయించింది. తాతగారు కళ్ళు మూసుకుని విన్నారు. "బాగుందమ్మా. ఇప్పుడా గంతలు తీసి వాయించు" అన్నారు.

పిల్ల యంత్రం తీసి పక్కన పెట్టింది. నాలుగు స్వరాలు పలికాయి. అయిదోదాని దగ్గర వేలు గాలిలో ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది. చివరికి, "తర్వాతది కనబడటం లేదు తాతయ్యా" అన్నది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి నాకు ఆ క్రియ దగ్గరనే మనసు ఆగిపోయింది. "గుర్తు రావటం లేదు" అనలేదు, "తెలియటం లేదు" అనలేదు. కనబడటం లేదన్నది. పాట వినబడవలసిన వస్తువు. ఈ పిల్ల మూడు వారాలుగా దాన్ని చూస్తున్నదన్నమాట.

తాతగారు కోప్పడలేదు. "పోనీ, పాడు" అన్నారు. పిల్ల కూనిరాగం తీసింది. ఎక్కడా తప్పు లేదు. "చూశారాండీ లెక్చరరు గారూ! పాట గొంతులో ఉంది. చేతికి దిగలేదు. దారిలో కంటి దగ్గర చిక్కుకుపోయింది" అన్నారాయన నావైపు తిరిగి.

ఈ చదువుకోని పెద్దాయన అన్న మాటనే శాస్త్రజ్ఞులు ఇంకో విధంగా చెప్పారు. శరీరానికి పని నేర్పే పద్ధతుల మీద అంతకుముందు జరిగిన పరిశోధనలను 1984లో సాల్మొని, ష్మిట్, వాల్టర్ అనే ముగ్గురు సమీక్షించారు. నేర్చుకునేవాడికి ప్రతిసారీ పక్కనుంచి తప్పొప్పులు చెబుతూ పోతే, చెబుతున్నంతసేపూ పని నున్నగా సాగిపోతుంది. చెప్పటం మానెయ్యగానే చతికిలబడతాడు. అతను ఆ సాయం మీదనే ఆనుకుని, తనంతట తాను తప్పు పట్టుకోవటం నేర్చుకోడు. స్థూలంగా వారు తేల్చినది ఇదే.

మా కోనసీమ పిల్లలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ కాలవలో ఈత నేర్పేటప్పుడు రెండు ఎండు కొబ్బరికాయలు పీచుతో జోడించి పిల్లవాడి చంకల కింద కడతారు. కాయలు తేలుస్తాయి, వాడు కాళ్ళూ చేతులూ ఆడిస్తాడు. కొన్నాళ్ళకు కాయలు విప్పేస్తారు. అప్పుడు నాలుగు గుక్కలు నీళ్ళు తాగుతాడు. ఈత వచ్చేది ఆ నాలుగు గుక్కల్లోనే. కాయలు కట్టని తండ్రి మొరటువాడు. కాయలు విప్పని తండ్రి ఇంకా ప్రమాదం.

అయితే యంత్రాన్ని పట్టుకుని పియానో నేర్చినవాడు లోకంలో లేడా అంటే ఉన్నాడు. ఇటువంటి యంత్రం ఇప్పుడు కొత్తగా పుట్టిందీ కాదు. 1814లోనే లోజియర్ అనే ఆయన పియానో నేర్చుకునేవాళ్ళ చేతులూ వేళ్ళూ కుదురుగా పెట్టించే చట్రం ఒకటి తయారుచేసి హక్కులు పొందాడు. 1895లో అమెరికాలో ఎడ్విన్ వోటీ అనే ఆయన పియానోలా తయారుచేశాడు. చిల్లులు పొడిచిన కాగితపు చుట్టను అందులో పెట్టి తొక్కితే పియానో మోగేది. తర్వాత తర్వాత ఆ యంత్రాన్ని పియానో లోపలనే అమర్చారు. అప్పుడు మనిషి ముట్టకుండానే మెట్లు వాటంతట అవి కిందికి దిగి పైకి లేచేవి.

జాజ్ సంగీతానికి ప్రపంచమంతటా పేరు తెచ్చిన డ్యూక్ ఎల్లింగ్టన్ కుర్రతనంలో ఈ యంత్రం దగ్గరనే ఒక పాఠం నేర్చుకున్నాడు. జేమ్స్ పి. జాన్సన్ అనే గొప్ప విద్వాంసుడి 'కరొలినా షౌట్' అనే కష్టమైన గతి, కాగితపు చుట్ట మీద దొరికేది. ఎల్లింగ్టన్ ఆ చుట్టను నెమ్మదిగా తిరిగేటట్టు చేసి, దిగుతున్న మెట్ల మీద తన వేళ్ళు ఆనించి పట్టుకున్నాడు. ఇప్పటి రంగుల పట్టీలకూ దీనికీ తేడా ఏమిటి? ఏమీ లేదు. కాని కథ అక్కడ ఆగలేదు. ఆ తర్వాత అతను యంత్రం లేని పియానో ముందు కూర్చుని, సాక్షాత్తూ ఆ జాన్సన్ ఎదుటనే ఆ గతి వాయించాడు. యంత్రం దగ్గర నేర్చుకున్నాడు, మనిషి ఎదుట ఒప్పించాడు. ఈ రెండో సగమే మన ఇళ్ళలో జరగటం లేదు.

గురువు లేని విద్య అనగానే మనకు ఏకలవ్యుడు జ్ఞాపకం వస్తాడు. మట్టితో ద్రోణుడి బొమ్మ చేసి ఎదుట పెట్టుకుని విలువిద్య సాధించాడు. ఈ యంత్రాలను పొగిడేవాళ్ళు కూడా ఆ కథే చెబుతూ ఉంటారు. కాని ఒక్క సంగతి గమనించండి. ఆ మట్టిబొమ్మ ఏమీ చెప్పలేదు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపలేదు, మార్కులు వెయ్యలేదు. బాణం తప్పినప్పుడు ఎందుకు తప్పిందో ఆ కుర్రవాడే ఆలోచించుకోవలసి వచ్చింది. ఈ యంత్రం అంతా తానే చెప్పేస్తుంది. మట్టిబొమ్మ ఏకలవ్యుడికి మిగిల్చిన పనిని ఇది పిల్లకు మిగల్చటం లేదు.

మరి ఆ అమ్మాయి గతి ఏమయింది? తాతగారు ఒక పద్ధతి పెట్టారు. కోనసీమ అగ్రహారాల్లో వేదం సంత చెప్పుకోవటం చూసినవాళ్ళకు అది వెంటనే అర్థమవుతుంది. గురువు ఒకసారి చెబుతాడు, శిష్యుడు రెండుసార్లు చెబుతాడు. పుస్తకం ఎదుట ఉండదు. "యంత్రంతో ఒకసారి, యంత్రం లేకుండా రెండుసార్లు. అంతే, ఇంకేం వద్దు" అన్నారు తాతగారు. పాట మొత్తం కాదు, నాలుగేసి స్వరాల ముక్క. ముందు యంత్రం పెట్టుకుని వాయించాలి. తీసేసి రెండుసార్లు వాయించాలి. అందాకా రెండో ముక్క జోలికి పోగూడదు.

మొదటివారం పిల్ల ఏడ్చినంత పని చేసింది. మూడు వారాల్లో వచ్చేసిన పాట, మళ్ళీ మొదటినుంచి నత్తనడక నడిచింది. మార్కులు లేవు, రంగులు లేవు. తప్పు పడ్డప్పుడు తాతగారు గొంతు సవరించుకునేవారు, అంతే. నెలరోజులకు ఆ పిల్ల కళ్ళు మూసుకుని ఆనందగీతం వాయించింది. నడుమ రెండు తప్పులు పడ్డాయి. ఆ రెండూ పడ్డట్టు ఆమెకే తెలిసింది, తనే వెనక్కు వెళ్ళి దిద్దుకున్నది. తొంభై అయిదు మార్కుల వాయింపు కంటే నాకు ఆ రెండు తప్పుల వాయింపే ఎక్కువ నచ్చింది.

ఆ మరునాడు తాతగారు ఇంకో పాఠం చెప్పారు. "ఒకటిలో షడ్జమం పెట్టుకో. ఒకటి, ఒకటిన్నర, మూడు, నాలుగు, అయిదు, అయిదున్నర, ఏడు. పైన మళ్ళీ ఒకటి." అది మాయామాళవగౌళ. మన సంగీతంలో ప్రతి పిల్లా సరళీవరసలు మొదలుపెట్టే రాగం. పియానో మీద చూస్తే అయిదు తెల్లమెట్లు, రెండు నల్లమెట్లు. ఆ పిల్లకు ఈ పాఠానికి పట్టీలు దిగలేదు. ముసలి గొంతు పాడుతూ ఉంటే విని, వెతుక్కుని పట్టుకున్నది.

ఇక యంత్రం నేర్పలేనివి కొన్ని ఉన్నవి. అవి కూడా చెప్పుకోవటం న్యాయం.

ఒకటి, స్పర్శ. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో క్రిస్టఫోరి ఈ వాద్యాన్ని తయారుచేసినప్పుడు దాని గొప్పతనమంతా ఒక్క విషయంలోనే ఉన్నది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. అంతకుముందున్న హార్ప్సికార్డు అలా పలికేది కాదు. పియానో అన్న మాటకు అర్థమే మృదువుగా అని. నొక్కిన మెట్టు సరైనదా, సమయానికి నొక్కారా అన్నది చూసి ఆట మార్కులు వేస్తుంది. ఎంత మెత్తగా నొక్కారు, మణికట్టు బిగుసుకుపోయిందా, బొటనవేలు ఎక్కడికి పోయింది అన్నవి పక్కన కూర్చున్న మనిషే చూడాలి. ఉత్త బల్లమీద వాయించేవాళ్ళకైతే ఈ స్పర్శ అన్నది అసలే లేదు. బల్లకు మెల్లగా లేదు, గట్టిగా లేదు. అన్నీ దెబ్బలే.

రెండు, గమకం. ఇది యంత్రం తప్పు కాదు, వాద్యం స్వభావం. పియానో మెట్టుకు ఒకే స్వరస్థానం. రెండు మెట్ల నడుమ జారటానికి సందు లేదు. హార్మోనియానికీ అదే లోపం. ఆ కారణం మీదనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని దూరం పెట్టి 1971 దాకా దగ్గరికి రానివ్వలేదు. మరి వయొలిన్ కూడా పడమటి వాద్యమే కదా! బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు, విజయనగరం కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాన్ని తెలుగువాళ్ళ సొత్తు చేశారు. తీగ మీద వేలు జారుతుంది కాబట్టి గమకం పలికింది. నాయుడు గారికి కంటిచూపు సరిగా ఉండేది కాదు. వయొలిన్‌ను ఆయన చెవితోనే పట్టుకున్నారు. పిల్లలకు పియానో నేర్పండి, తప్పులేదు. కాని మన కీర్తనలన్నీ దానిమీద పలుకుతాయని ఆశపెట్టకండి.

మూడు, కళ్ళు. ఈ యంత్రాలకు వయసు కట్టడి ఉన్నది. మెటా వారు మొదట 13 ఏళ్ళని పెట్టి, 2023లో తల్లిదండ్రుల అదుపులో ఉండే ఖాతాతో 10 ఏళ్ళకు తగ్గించారు. అంతకంటే చిన్నపిల్లలకు వద్దనే దాని అర్థం. 2023లో వచ్చిన క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. అర్ధశేరుకు మించిన బరువు మొహాన కట్టుకుని, మెడ వంచి మెట్లవైపు చూస్తూ కూర్చోవాలి. మా వైపు వైశాఖమాసపు ఉక్కలో అది ఎంతసేపు సాధ్యమో మీరే ఊహించుకోండి. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. తల తిరిగినా, కళ్ళు లాగినా వెంటనే తీసెయ్యాలి.

నాలుగు, డబ్బు. ఆ యంత్రాన్ని అమెరికాలో 2023లో 499 డాలర్లకు విడుదల చేశారు. అప్పటి మారకం ప్రకారం నలభైవేల రూపాయల పైమాట. కీబోర్డు ఖర్చు వేరు. మేనమామలు లేనివాళ్ళు తొందరపడి అప్పు చెయ్యవద్దని నా సలహా. ముందు కీబోర్డు కొనండి. ఊళ్ళో హార్మోనియం తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వెళ్ళి అడగండి. వాళ్ళకు పాశ్చాత్య స్వరలిపి రాకపోవచ్చు. కాని మెట్లు తెలుసు, తాళం తెలుసు, అన్నిటికంటె మించి తప్పు వినబడుతుంది.

ఇంట్లో ఇప్పటికే యంత్రం ఉన్నవాళ్ళకు మూడు చిన్న పరీక్షలు చెబుతాను. సంగీతం రాని తల్లులు కూడా పెట్టవచ్చు. యంత్రం తీసేసి, నిన్న నేర్చుకున్న ముక్క వాయించమనండి. సగమైనా వస్తే మంచిదే. రెండో పరీక్ష, పాట నడుమ ఆపి తర్వాతి ముక్క నోటితో పాడమనండి. పాడగలిగితే చెవి పనిచేస్తున్నదన్నమాట. మూడోది అన్నిటికంటె పెద్ద పరీక్ష. ఆ యంత్రం బ్యాటరీ రెండు గంటలకు అటూ ఇటూగా అయిపోతుంది. అయిపోయిన తర్వాత పిల్ల కీబోర్డు దగ్గరనే ఉన్నదా, లేచి వెళ్ళిపోయిందా చూడండి. ఉంటే మీ ఇంట్లో సంగీతం మొదలైంది. లేచి వెళ్ళిపోతే మీ ఇంట్లో ఉన్నది ఆట. ఆట ఆడుకోవటం నేరం కాదు, దాన్ని చదువని పిలవకండి, అంతే.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు నేను ఈ మాటే చెప్పాను. ఇది చదువూ కాదు, ఆటా కాదు, ఈతకాయ. కట్టటానికి పనికివస్తుంది, విప్పటానికి మనిషి కావాలి. ఆ మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు.

పదో తరగతి సంగతి ఆవిడ మరిచిపోలేదు. తల్లి, పిల్ల, తాతగారు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. బడినుంచి వచ్చాక ఇరవై నిమిషాలు, పరీక్షల నెలలో పది. యంత్రం ఆదివారం ఒక్కరోజు, కొత్త ముక్క పట్టుకోవటానికి మాత్రమే. మిగతా రోజులు వల్లె వెయ్యటమే. తాతగారి హార్మోనియానికి కొత్త తిత్తి వేయిస్తానని తండ్రి ఒప్పుకున్నాడు. తీర్థాలలో నాటకాలు మునుపటిలాగా లేవు. ఆ పెట్టె మళ్ళీ తెర ముందుకు ఎక్కుతుందని తాతగారికి కూడా ఆశ లేదు. కాని ఇద్దరు కొడుకులకూ అంటనిది మూడో తరానికి అంటింది. డల్లాస్ నుంచి వచ్చిన పెట్టె అందుకు సాకు అయింది. సాకు దొరకటమే కష్టం. దొరికిన దాన్ని అటకెక్కించకండి, నెత్తికెక్కించుకోనూ వద్దు.